గదికి 149 అన్నారు, 257 పడింది. స్టేడియం మాత్రం పైసా అడగలేదు

ముందు లెక్క చెప్తాను. 2025 ఆగస్టు 18 సోమవారం నుంచి 22 శుక్రవారం దాకా అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో నాలుగు రాత్రులు ఉన్నాం. గది రాత్రికి 149 డాలర్లని చూసి బుక్ చేశాం. అంటే 596. ఖాళీ చేసే రోజు చేతికొచ్చిన బిల్లులో ‘సౌకర్యాల రుసుము’ అని రాత్రికి 35 చొప్పున 140, కారు పెట్టుకున్నందుకు రాత్రికి 42 చొప్పున 168, గది అద్దెకీ ఆ రుసుముకీ కలిపి 17 శాతం పన్ను 125.12 ఉన్నాయి. మొత్తం 1,029.12 డాలర్లు. మన డబ్బుల్లో సుమారు 90 వేలు. రాత్రికి 257 పైమాటే. ఏమిటా సౌకర్యాలని అడిగితే వైఫై, కింద హాల్లో కాఫీ, వ్యాయామాల గది అన్నారు. వ్యాయామాల గదికి తాళం వేసి ఉంది. 31 ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసినవాణ్ణి నేను. పొద్దున్నే ఒళ్ళు వంచకపోతే ఆ రోజంతా నాకు ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది. ఆ తాళాన్ని నాలుగు పొద్దులూ చూశాను.

మా ఆవిడ తమ్ముడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అతని కూతురు ఆ ఏడే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో ఇంజనీరింగ్‌లో చేరింది. క్లాసులు 25న మొదలు. పిల్లని హాస్టల్లో దింపిరావాలి. తల్లికి సెలవు దొరకలేదు. మేం అప్పటికి నెలరోజులుగా వాళ్ళింట్లోనే ఉన్నాం కాబట్టి మేనత్తగా మా ఆవిడ బయల్దేరింది, ఆవిడతో నేను. అయితే బావమరిది నన్ను పట్టుబట్టి రమ్మన్నది హాస్టలు చూపించడానికి కాదు. అతను అదే యూనివర్సిటీలో 2004లో ఎమ్మెస్ చేరి 2006లో బయటికొచ్చాడు. “బావగారూ, జీవితమంతా కాలేజీ ఆటల్లోనే గడిపారు. కాలేజీ ఆటంటే ఇక్కడ ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి” అని పదేళ్ళుగా ఫోన్లో చెప్తూనే ఉన్నాడు.

దారి గురించి చెప్పడానికేమీ లేదు. రెండొందల పైచిలుకు మైళ్ళు ఐ-35 మీద, మధ్యలో వెస్ట్ అనే ఊళ్ళో చెక్ దేశస్థుల కొలాచీలు (మధ్యలో పండో ఇంకేదో పెట్టి కాల్చే బన్నులు) తిన్నాం. పండు పెట్టినవాటిలో మాంసం ఉండదు. ఆస్టిన్‌లోకి వచ్చాక రోడ్డు పనుల దగ్గర గంట పోయింది.

మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రాత్రి ఒంటిగంటకి ఏసీ ఆగిపోయింది. ఆగస్టులో ఆస్టిన్ అంటే మన రెంటచింతలే అనుకోండి. పగలు 38 డిగ్రీలు, రాత్రి గోడలు వేడి కక్కుతాయి. కిటికీలు తెరుచుకోవు. నేను కిందికి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే మెకానిక్ పొద్దున 8 గంటలకి వస్తాడన్నాడు. వేరే గది ఇమ్మన్నాను. పిల్లల్ని దింపే వారం, అన్నీ నిండిపోయాయన్నాడు. పోనీ ఒక ఫ్యాన్ ఇమ్మన్నాను. లేదన్నాడు. నాకు 67 ఏళ్ళనీ మా ఆవిడకి బీపీ ఉందనీ చెప్పాను. “రాసిపెడతాను” అన్నాడు. అతని ముందు కాగితమూ లేదు, కలమూ లేదు.

పైకి వచ్చేసరికి మా ఆవిడ తువ్వాలు తడిపి పిల్ల నుదుటి మీద వేసి, సామాన్ల పెట్టె మూత చింపి ఆ అట్టతో విసురుతూ కూర్చుంది. గది బుక్ చేసింది తమ్ముడు కాబట్టి అతనితో మాటల్లేవు. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు గానీ నిద్రపోలేదని నాకు తెలుసు. కూతుర్ని మొదటిసారి ఇల్లు వదిలి పంపుతున్న తండ్రి, ఆ రాత్రి ఆమెకి కాస్త చల్లగాలి కూడా ఇప్పించలేకపోయానని లోపల కుమిలిపోతున్నాడు. నాకు ఆ హోటలు మీద కోపం డబ్బు గురించి కంటే ఆ రాత్రి గురించే ఎక్కువ.

ఆరు కొట్టగానే మా ఆవిడ లేచింది. “ఏమండీ, ఈ కొలిమిలో ఇక ఉండలేను. ఎటైనా పదండి.” పిల్ల అప్పుడే కునుకు తీస్తోంది. ఇద్దరం చెప్పులు వేసుకుని బయటపడ్డాం. కాంపస్ మైలున్నర దూరం. శాన్ జసింటో రోడ్డు పట్టుకుని నడుస్తుంటే, ఇంకా పూర్తిగా తెల్లారని ఆకాశంలోకి ఒక కాంక్రీటు కొండ లేచి కనిపించింది.

అదే యూనివర్సిటీ వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం. పూర్తి పేరు డారెల్ కె. రాయల్ - టెక్సస్ మెమోరియల్ స్టేడియం. ఉప్పల్‌లో మన క్రికెట్ స్టేడియంలో 40 వేల లోపు పడతారు. ఇక్కడ 1,00,119 సీట్లు. 2024 అక్టోబరు 19న జార్జియా యూనివర్సిటీతో ఆటకి 1,05,215 మంది వచ్చారు, అప్పటికి అదే రికార్డు. ఒక యూనివర్సిటీ, దాని పిల్లలు ఆడే ఆట, దానికి ఇంతమంది! గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడిపోయాను. దక్షిణం వైపు కొత్తగా కట్టిన వరుసలు ఎద్దు కొమ్ముల ఆకారంలో అటూ ఇటూ విచ్చుకుని ఉన్నాయి. 2021లో 17.5 కోట్ల డాలర్లు పెట్టి పూర్తిచేశారట.

లోపల మెట్లు కడుగుతున్న పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి పైపు కట్టేసి గేటు దగ్గరికి వచ్చాడు. వయసులో నాకంటే పెద్దవాడే. ఎక్కడి నుంచని అడిగాడు. ఇండియా అన్నాను, కాలేజీలో ఆటలు నేర్పేవాణ్ణన్నాను. ఆ మాటకి ఆయన ముఖం విప్పారింది. గేటు తీయడానికి తనకి వీల్లేదని నొచ్చుకున్నాడు. తర్వాత ఒక్కటే చెప్పాడు: అందరూ కొమ్ములూ తెరా ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, మీరు మాత్రం ఉత్తరం వైపు వెళ్ళండి, ఇది ఎందుకు కట్టారో అక్కడ తెలుస్తుంది. హోటల్లో రాత్రికి 257 పుచ్చుకున్నవాళ్ళు నా మొహం చూడలేదు. ఈ పెద్దాయన పని ఆపి వచ్చి పది నిమిషాలు మాట్లాడాడు.

పది గంటలకి బావమరిదినీ పిల్లనీ వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాం, ఉత్తరం వైపే. సైనికుల స్మారకం అక్కడుంది. పక్కనే యూనివర్సిటీ క్రీడల హాల్ ఆఫ్ ఫేమ్. మమ్మల్ని టికెట్ అడగలేదు, సంచి తెరవమనలేదు, ఊరికే లోపలికి రమ్మన్నారు. రెండింటికీ ఫ్రాంక్ డీనియస్ పేరే ఉంది. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీలో పోరాడి నాలుగు సిల్వర్ స్టార్ శౌర్య పతకాలు తెచ్చుకున్న మనిషి. తిరిగొచ్చి ఇక్కడే చదివి, బతికినంతకాలం ఈ జట్టు వెనకే నిలబడ్డాడు.

ఈ స్టేడియం కథ నన్ను పట్టుకుంది. అందుకే కాస్త నిదానంగా చెప్తాను. 1924కి ముందు ఇక్కడ వాళ్ళు ఆడిన మైదానం క్లార్క్ ఫీల్డ్. కూర్చోవడానికి చెక్క బల్లలు. అథ్లెటిక్ డైరెక్టర్ థియో బెల్మాంట్ కాంక్రీటు స్టేడియం కట్టాలని పట్టుబట్టాడు. విద్యార్థులూ పూర్వవిద్యార్థులూ చందాలు వేసుకున్నారు. 2,75,000 డాలర్లు. దాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన 1,98,520 మంది టెక్సస్ వాళ్ళకీ, అందులో తిరిగిరాని 5,280 మందికీ అంకితం చేశారు. అప్పుడు 27,000 సీట్లు. ఆ ఏడు నవంబరు 8న మొదటి ఆట ఆడి బేలర్ యూనివర్సిటీ చేతిలో 28-10తో ఓడారు. అదే నెల 27న, థాంక్స్‌గివింగ్ రోజున, తమ పాత ప్రత్యర్థి టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మీద 7-0తో గెలిచి అంకితోత్సవం జరుపుకున్నారు.

ఆ 5,280 అంకె ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఎందుకో మా ఆవిడకి తెలుసు, అందుకే పిల్లని పక్కకి తీసుకెళ్ళింది. మా కాలేజీలో నా దగ్గర కబడ్డీ ఆడిన కుర్రాడొకడు సైన్యంలో చేరి 1999లో తిరిగిరాలేదు. ఆ ఏడు పిల్లలు తలా 20 రూపాయలు వేసుకున్నారు, మేం మేష్టర్లం తలా ఒకరోజు జీతం ఇచ్చాం. వాడి పేరుతో బాస్కెట్‌బాల్ కోర్టు వేశాం. సిమెంటు నేనే దగ్గరుండి కలిపించాను. 12 ఏళ్ళ తర్వాత కొత్త భవనం కోసం దాన్ని తవ్వేశారు. పేరు రాసిన రాయి ఎక్కడ పెట్టారని అడిగితే స్టోరు గదిలో ఉందన్నారు. రిటైరయ్యే రోజున వెళ్ళి చూశాను, అక్కడ లేదు.

ఇక్కడ ఏం చేశారో చూడండి. 27 వేల సీట్లు లక్షయ్యాయి. పడమట పై అంతస్తు లేచింది, తర్వాత తూర్పున లేచింది. మైదానాన్ని కిందికి దింపారు, చుట్టూ ఉన్న పరుగు ట్రాక్ తీసేశారు, గడ్డి తీసి కృత్రిమ గడ్డి వేశారు, మళ్ళీ అసలు గడ్డి, మళ్ళీ కృత్రిమం. 1996లో తమ గొప్ప కోచ్ పేరు పెట్టాలనుకున్నారు. పెట్టారు కూడా, కానీ ‘టెక్సస్ మెమోరియల్’ని చెరపలేదు. ముందు రాయల్ పేరు, వెనక ఆ సైనికుల జ్ఞాపకం. నూరేళ్ళు దాటినా అది అక్కడే ఉంది.

రాయల్ గురించి బావమరిది చెప్పడం మొదలుపెడితే ఆపడు. 1957 నుంచి 1976 దాకా 20 సీజన్లు, 167 గెలుపులు, 47 ఓటములు, 5 సమానాలు. ఒక్క సీజన్లోనూ ఓటములు గెలుపుల్ని దాటలేదు. 1963, 1969, 1970లలో జాతీయ చాంపియన్లు. 1968లో ఆయన సహాయకుడు ఎమరీ బెల్లార్డ్ ‘విష్‌బోన్’ అనే పద్ధతి తెచ్చాడు. ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. పదకొండు మంది చొప్పున రెండు పక్షాలు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే మళ్ళీ నాలుగు, లేదంటే బంతి ఎదుటివాళ్ళది. నాకు ఇది కబడ్డీకి దగ్గరగా అనిపించింది. నేల గెలుచుకోవాలి, పట్టు తప్పించుకోవాలి. విష్‌బోన్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడి నడిపేవాడి, వెనక ముగ్గురు పరుగెత్తేవాళ్ళుంటారు. బంతి ఎవరి చేతికి పోతుందో ఆఖరి క్షణం దాకా ఎదుటివాడికి అంతుపట్టదు. ఆ పద్ధతితో వరసగా 30 ఆటలు గెలిచారు.

అయితే ఆ 1969 చాంపియన్ జట్టులో ఒక్క నల్లవాడూ లేడు. అలాంటి చాంపియన్లలో అదే ఆఖరిది. శాన్ ఆంటోనియో కుర్రాడు జూలియస్ విట్టియర్ 1970లో ఆ జట్టు తరఫున ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. తర్వాత లాయరై డల్లాస్‌లో ప్రాసిక్యూటర్‌గా పనిచేశాడు. 2018లో పోయాడు. 2020లో స్టేడియం ఉత్తర ద్వారం దగ్గర ఆయన విగ్రహం పెట్టారు. యాభై ఏళ్ళు ఆలస్యం. అయినా దారికి అడ్డంగా, అందరూ చూసి తీరాల్సిన చోట పెట్టారు. ఇప్పుడు ఈ మైదానానికే ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళ పేర్లున్నాయి: క్యాంప్‌బెల్-విలియమ్స్ ఫీల్డ్. ఎర్ల్ క్యాంప్‌బెల్ 1977లో, రికీ విలియమ్స్ 1998లో హైస్‌మన్ ట్రోఫీ తెచ్చుకున్నారు. కాలేజీ ఫుట్‌బాల్లో ఏటా మేటి ఆటగాడికిచ్చేది అది. మేనకోడలు విట్టియర్ విగ్రహం కింద రాసింది మొత్తం చదివి, “మామయ్యా, మిగతావాళ్ళు ఈయనతో కలిసి తినేవాళ్ళా, ఒకే గదిలో ఉండేవాళ్ళా ఆ రోజుల్లో?” అని అడిగింది. కొత్తచోట ఒంటరిగా ఉండబోతున్న పిల్లకి ముందు తట్టింది అదే.

వీళ్ళ చిహ్నం పొడుగు కొమ్ముల ఎద్దు, పేరు బీవో. ఇప్పుడున్నది పదిహేనోది, 2016 నుంచి ఆట రోజున దక్షిణం మూల కూర్చుంటుంది. మేం వెళ్ళిన రోజు ఆట లేదు కాబట్టి ఫొటోల్లోనే చూశాం. ఒంగోలు గిత్తల మధ్య పెరిగినవాణ్ణి నేను. మూపురం లేని ఆ పశువు నడక ఎలా ఉంటుందో చూడాలనిపించింది. 1916లో మొదటి బీవో వచ్చింది. మరుసటి ఏడాది ఏ అండ్ ఎం కుర్రాళ్ళు దొంగతనంగా వచ్చి, తాము గెలిచిన 13-0 స్కోరుని దాని ఒంటి మీద వాతలు పెట్టారు. ఆ మూగజీవాన్ని 1920లో జట్టు విందులో వండేశారని బావమరిది చెప్పగానే మా ఆవిడ రెండు చేతులూ చెవులమీద పెట్టుకుంది. అప్పటికే మాటల్లేని తమ్ముడి మీద ఇంకో కేసు పడింది.

ఆ కోపాన్ని కరిగించింది ఒక తిండి బండి. కాంపస్‌కి తూర్పున, హైవే దాటాక, రోడ్డు పక్కన నిలిపిన ఒక ట్రైలర్. మెక్సికన్ అమ్మ ఒకావిడ గోధుమ పిండి ముద్దని అరచేతుల మధ్య చరిచి, వెడల్పు పెనం మీద కాలుస్తోంది. మా ఆవిడ ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది. బంగాళాదుంప, ముద్దగా నూరిన బీన్సు, చీజు పెట్టి మడిచి ఇచ్చింది. ఒక్కోటి 3.75 డాలర్లు. బీన్సులో పంది కొవ్వు ఉండొచ్చు, శాకాహారులు తప్పక అడగాలి. మేం అడిగితే నూనెతోనే చేశానని సీసా ఎత్తి చూపించింది. పక్కన ఆకుపచ్చ పచ్చడి. మా ఆవిడ వేలితో నాలిక్కి రాసుకుని ఆగిపోయింది. పచ్చిమిరపకాయలు కాల్చి, కొత్తిమీర వేసి, పులుపు తగిలించి రుబ్బిన రోటిపచ్చడే. చింతపండు బదులు నిమ్మకాయ, అంతే తేడా. “మా అమ్మ చేసేది ఇలాగే ఉండేది” అంది. ఆ మాట తమ్ముడి వైపు తిరిగి అంది. ఇద్దరికీ ఒకే అమ్మ కదా. అతను ఇంకో రెండు తెచ్చి అక్క ప్లేటులో పెట్టాడు. అయిదుగురికి సరిపడా తిన్నాం, నలుగురికి 33.75 అయింది. నాలుగు డాలర్లు ఎక్కువ పెడితే ఆవిడ పచ్చడి డబ్బా ఒకటి కట్టి ఇచ్చింది. ఉత్తరం వైపు ఎక్కడో హైదరాబాద్ బిర్యానీ దొరుకుతుందని వెళ్ళి నలుగురికీ 71 డాలర్లు పోసొచ్చాం ఇంకో రోజు. దాని గురించి ఒక్క వాక్యం చాలు: వద్దు.

హాస్టల్లో పిల్లని దింపడం, గబ్బిలాల వంతెన చూడటం, స్టేడియం ఎదురుగా ఉన్న అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్సన్ లైబ్రరీ, అన్నీ హాయిగా జరిగాయి.

ఇక అప్పుడు రాబోతున్న 2025 సీజన్ సంగతి. బావమరిది రాత్రిళ్ళు నాకు పాఠం చెప్పాడు. ఏసీ మర్నాడు బాగుచేశారు, కాబట్టి పాఠం బుర్రకెక్కింది. ఆగస్టు 11న వచ్చిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకుల్లో టెక్సస్ నంబర్ 1. సీజన్ మొదలుకాకముందే ఆ స్థానం దక్కడం ఆ యూనివర్సిటీ చరిత్రలో అదే మొదటిసారి. అందుకే ఊరంతా ఆరెంజ్ రంగు. వాళ్ళది బూడిద కలిసిన ఆరెంజ్, కాల్చిన ఇటుక రంగులా ఉంటుంది.

హెడ్ కోచ్ స్టీవ్ సార్కీసియన్. ఈయన కథ ప్రతి ఫిజికల్ డైరెక్టరూ తెలుసుకోవాలి. 2015లో తాగుడు సమస్యతో సదరన్ కాలిఫోర్నియాలో ఉద్యోగం పోయింది. చికిత్స తీసుకున్నాడు. మళ్ళీ సహాయకుడి స్థాయి నుంచి మొదలుపెట్టి అలబామాలో 2020 జాతీయ చాంపియన్ జట్టుకి దాడి వ్యూహం నడిపాడు. 2021లో ఇక్కడికొచ్చాడు. మొదటి ఏడు 5 గెలుపులు, 7 ఓటములు. మరుసటి ఏడు 8-5, తర్వాత 12-2, 2024లో 13-3. పడిపోయిన మనిషికి మళ్ళీ మైదానం ఇచ్చారు, అతను నిలబెట్టుకున్నాడు. దాడి విభాగం చూసే కైల్ ఫ్లడ్, కిక్కుల విభాగం చూసే జెఫ్ బ్యాంక్స్ అలబామా నుంచి అతనితోనే వచ్చారు. 2025లో రక్షణ విభాగం పీట్ క్వియాట్‌కోవ్‌స్కీది. నాకు అందరికంటే నచ్చింది అప్పుడు డ్వేన్ అకీనా తిరిగి రావడం. వెనక వరుస రక్షకుల్ని తయారుచేయడంలో దిట్ట. 2001 నుంచి 2013 దాకా ఇక్కడే పనిచేశాడు, 2005 చాంపియన్ జట్టుకి కోచ్‌లలో ఒకడు, 2025లో మళ్ళీ వచ్చాడు. అనుభవం ఉన్నవాణ్ణి వెతికి పిలిపించుకునే సంస్థని చూస్తే నాకు గౌరవం.

2005 అంటే బావమరిదికి కళ్ళలో నీళ్ళే. 2006 జనవరి 4న రోజ్ బౌల్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో, 19 సెకన్లు మిగిలుండగా, నాలుగో ప్రయత్నంలో క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ తానే బంతి పట్టుకుని పరుగెత్తి 41-38తో గెలిపించాడు. బావమరిది ఆ రాత్రి ఈ ఊళ్ళోనే, రూమ్మేట్లతో ఉండి, పరీక్ష ఫీజుకి దాచుకున్న డబ్బులో 20 డాలర్లు తీసి జెండా కొన్నాడట. ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఆ తర్వాత టెక్సస్‌కి మళ్ళీ జాతీయ చాంపియన్‌షిప్ రాలేదు.

2025లోనైనా వస్తుందా అన్నదే అప్పటి ప్రశ్న. 2024 జట్టులోంచి 12 మందిని ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ తీసుకెళ్ళిపోయింది. కొత్త క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై, ముగ్గురూ ఆ స్థానంలోనే పేరు తెచ్చుకున్నవాళ్ళు. ఈ కుర్రాడు అప్పటిదాకా మొదటినుంచీ ఆడింది రెండే ఆటలు. అతని మీద ఇంత బరువు పెట్టడం నాకు నచ్చలేదు. అప్పుడు నా నమ్మకమంతా రక్షణ మీద. ఆంథొనీ హిల్, కాలిన్ సిమన్స్, ఇంకా మైకేల్ టాఫ్. టాఫ్ ఈ ఊరి కుర్రాడే, స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరి, దేశంలో మేటి ఆటగాళ్ళలో ఒకడయ్యాడు. ఇలాంటి పిల్లలు నా దగ్గర కూడా ఉండేవారు. లిస్టులో పేరు లేకపోయినా అందరికంటే ముందు గ్రౌండుకి వచ్చేవారు.

మొదటి ఆటే అగ్నిపరీక్ష. ఆగస్టు 30న కొలంబస్‌లో, 2024 సీజన్ సెమీఫైనల్లో తమని 28-14తో ఓడించి చాంపియనైన ఒహాయో స్టేట్‌తో. సెప్టెంబరులో సొంత మైదానంలో మూడు ఆటలు: 6న శాన్ హోసే స్టేట్, 13న యూటెప్ (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ), 20న శామ్ హ్యూస్టన్. అక్టోబరు 4న ఫ్లోరిడా వెళ్ళాల్సి ఉంది, 11న డల్లాస్‌లో ఓక్లహోమాతో పాత వైరం. నవంబరు 15న జార్జియా వాళ్ళ ఊళ్ళో. నవంబరు 28, శుక్రవారం, సొంత మైదానంలో ఏ అండ్ ఎంతో. బావమరిది ఫోన్లో చూస్తే ఆ ఆఖరి ఆటకి పై వరుసలోనే సీటు 400 డాలర్లు దాటింది.

డబ్బు సంగతి నన్ను కలవరపెట్టింది, దాచను. హెడ్ కోచ్ జీతం ఏడాదికి కోటి డాలర్ల పైన. 2025 జూలై 1 నుంచి కోర్టు ఒప్పందం ప్రకారం ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా. పిల్లల చెమట మీద ఇంత వ్యాపారం జరుగుతున్నప్పుడు వాళ్ళకి వాటా రావడం న్యాయమే. మా కుర్రాళ్ళు అంతర్ కళాశాలల పోటీలకి రైల్లో నిలబడి వెళ్ళి, అరటిపళ్ళతో కడుపు నింపుకుని ఆడినవాళ్ళు. అందుకే ఆ అంకె వింటే నాకు సంతోషమూ బాధా కలిసే వచ్చాయి.

శుక్రవారం పొద్దున హోటలు కౌంటర్లో గొడవ. మొదట బావమరిది మర్యాదగా అడిగాడు. మేనేజరు “బుక్ చేసేటప్పుడు చదవలేదా?” అంది. అప్పుడు ఫోన్ తీసి, తను బుక్ చేసిన రోజు పేజీ ఫొటో చూపించాడు. అందులో 149 తప్ప రుసుము మాటే లేదు. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ) నిబంధన అమల్లోకి వచ్చింది. హోటళ్ళు, ఇలాంటి తాత్కాలిక బసలు, ఆటల టికెట్లు అమ్మేవాళ్ళు, తప్పనిసరిగా వసూలు చేసే రుసుముల్ని మొదట చూపించే ధరలోనే కలిపి చూపించాలి. ప్రభుత్వ పన్ను వేరుగా చెప్పొచ్చు. ఆ మాట చెప్పి, ఫిర్యాదు చేస్తానన్నాడు. మేనేజరు లోపలికి వెళ్ళి పది నిమిషాల తర్వాత వచ్చి 140 డాలర్లూ, దాని మీద పన్ను 23.80 వెనక్కిచ్చింది. పార్కింగ్ 168 ఇవ్వలేదు. అది మనం కావాలనుకుని తీసుకున్నదట. ఏసీ లేని రాత్రికి పైసా తగ్గించలేదు, క్షమించమని కూడా అనలేదు. మా ఆవిడ ఒక్క మాటే అంది, తెలుగులోనే: “పసిపిల్ల రాత్రంతా ఉడికిపోయిందమ్మా.” ఆవిడకి భాష రాకపోయినా ఆ గొంతు అర్థమై ఉండాలి, తల దించుకుంది.

ఆగస్టు మూడోవారంలోనూ, ఆట ఉన్న శనివారాల్లోనూ కాంపస్ దగ్గర గది తీసుకోకండి. బుక్ చేసేటప్పుడు ఆఖరి పేజీ ఫొటో తీసి దాచుకోండి. పార్కింగ్ ఎంతో ముందే అడగండి. ఆట చూసే డబ్బు లేకపోయినా హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం వదలొద్దు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, స్టేడియం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి, ఉత్తరం వైపు నుంచి మొదలుపెట్టి.

తిరుగు దారిలో వెస్ట్ దాటేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. వెనక సీటు ఒకటి ఖాళీ కదా. తర్వాత మా ఆవిడే తమ్ముణ్ణి అడిగింది, సెప్టెంబరు 6 ఆటకి టికెట్ ఎంతని. పిల్లని చూసినట్టూ ఉంటుంది అంది. పై వరుసలో ఒక్కోటి 62 డాలర్లు, రుసుములన్నీ కలిపే. నాలుగు తీసుకున్నాం, 248. ఆట పొద్దున 11కి, ఎండ నెత్తి మీదే ఉంటుంది. బస ఈసారి రౌండ్ రాక్‌లో, పన్నుతో సహా 118, పార్కింగ్ ఉచితమని రాసిచ్చారు. స్టేడియంలోకి పారదర్శకమైన సంచి తప్ప అనుమతి లేదట, 12 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు, 6 మందం. మా ఆవిడ వెంటనే అలాంటిది 9 డాలర్లకి కొనుక్కొచ్చి, తన చేతిసంచిలో సామాను ఒక్కొక్కటే అందులోకి మార్చుకుంది. బీపీ మాత్రలు, తువ్వాలు, అట్ట ముక్క.